రాత్రి ఎత్తు మీద, పగలు నేల మీద: మన డెల్టాలో కుందేలుకి ఎలాంటి ఇల్లు కావాలి?



ఈసారి వీడియోలో జీవామృతం లేదు, ఘనజీవామృతం లేదు. మా కొబ్బరి చెట్ల కింద రెండు కుందేళ్లు గరిక మేస్తూ కనిపిస్తాయి. వాటి చుట్టూ జాలీ కట్టిన దొడ్డి, పక్కన కాళ్ల మీద నిలబెట్టిన తాటాకు గూడు ఉంటాయి. ఇది చూసి చాలామంది ముందుగా అడిగేది ఒకటే, "ఆ బోను ఎక్కడ కొన్నారండీ?" అని.

కొనలేదండీ. కొన్నది ఒకటి ఉంది. అది ఇప్పుడు పెరట్లో ఓ మూలన పడి ఉంది, కొబ్బరి డొక్కలు పోసుకుంటున్నాం. ముందు దాని కథ చెప్తాను.

మా మనవరాలు వేసవి సెలవులకి వస్తూ గుడివాడలో ఒక కుందేళ్ల జత కొనిపించుకుని తెచ్చుకుంది. తెల్లటివి, కళ్లు ఎర్రగా ఉంటాయి. అమ్మినతను బోను కూడా ఇచ్చాడు. అడుగున ఇనప వైరు, పైన రేకు, ముందు చిన్న తలుపు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. వేప చెట్టు కింద పెట్టాం. రోహిణి కార్తెలో ఒకరోజు బందరులో పెళ్లికి వెళ్లాం. పొద్దున బోను మీద ఉన్న చెట్టు నీడ మధ్యాహ్నానికి పక్కకి జరిగిపోయింది. మేం తిరిగొచ్చేసరికి ఒక కుందేలు పక్కకి ఒరిగిపోయి, నోరు తెరిచి ఎగరోజుతోంది. చెవులు పట్టుకుంటే కాలిపోతున్నాయి. సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

రెండోది బతికింది. నెల తిరిగేసరికి దాని వెనక కాళ్ల అడుగున బొచ్చు ఊడి పుండ్లు పడ్డాయి. ముల్లు గుచ్చుకుందేమో అనుకున్నాం. ముల్లు కాదు, రాత్రీ పగలూ వైరు మీద నిలబడి కాళ్లు ఒరుసుకుపోయాయి.

"ఎండకి చచ్చిపోయింది" అని ఊళ్లో అందరికీ చెప్పాను. అది సగం నిజమే. నేను కొన్న రేకు, నేను పెట్టిన చోటు కలిసి చంపాయి. ఆ పిల్ల ఏడుపు ఇప్పటికీ చెవిలో ఉంది. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కుందేలు నేల జీవి

మనం పెంచుకునే కుందేలూ, మన చేలల్లో కనిపించే చెవులపిల్లీ ఒకటి కావు. చెవులపిల్లి బొరియ తవ్వదు, గడ్డిలో పల్లం చేసుకుని పడుకుంటుంది. అది వన్యప్రాణి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టకూడదు, పెంచకూడదు. కోతలప్పుడు పిల్ల దొరికినా దాని చోట దాన్ని వదిలేయడమే మంచిది. పెంపుడు కుందేలు పూర్వీకులది ఐరోపా, ముఖ్యంగా స్పెయిన్, పోర్చుగల్ వైపు. ఎండాకాలం ఎండ తగలని బొరియలో, పొద్దుగూకేటప్పుడు గడ్డిలో బతికిన జాతి అది. తవ్వడం, గెంతడం, వెనక కాళ్ల మీద నిలబడి చుట్టూ చూడడం, రోజంతా గడ్డి నములుతూ ఉండడం దాని బతుకు.

మనం ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లం. నేలలో ప్రాణం ఉందంటాం, వానపాముని చూస్తే సంబరపడతాం, ఆవుని సిమెంటు గచ్చు మీద కట్టేస్తే తప్పంటాం. అలాంటి మనమే నేల జీవిని తెచ్చి, దాని కాలికి జీవితంలో ఒక్కసారి కూడా మట్టి తగలకుండా వైరు మీద ఉంచితే ఎలాగండీ? కుందేలు ఇంటి గురించి నా అభిప్రాయం మొత్తం ఇక్కడే ఉంది. పెట్టె ఎంత బాగుందన్నది తర్వాత. రోజులో కొంతసేపైనా అది నేల మీద గెంతుతుందా లేదా అన్నది ముందు చూడాలి.

అయితే మన డెల్టాలో ఒక చిక్కుంది. ఇక్కడ నేల అంటే నీళ్లు, నేల అంటే పాము. రేగడి వానకి బురద, ఎండకి నెర్రెలు. మినుము పీకేసిన చేలో నెర్రెల్లో ఏముంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఎంత భయపెట్టాయో గుర్తుండే ఉంటుంది. అలాంటి చోట కుందేలుని రాత్రిపూట నేల మీద వదలడం దయ కాదు, అజాగ్రత్త.

అందుకే నా లెక్క ఇది: రాత్రి ఎత్తు మీద, పగలు నేల మీద. ఎత్తు మీద గూడు, నేల మీద దొడ్డి, రెండూ ఉండాలి. ఒకటి కొని రెండోది తర్వాత చూద్దాం అంటే ఆ తర్వాత రాదు, నాకు రాలేదు.

"యూనిట్లలో వైరు మీదే పెంచుతున్నారు కదా?"

ఈ మాట తప్పక వస్తుంది. నిజమే, మాంసానికి పెంచేవాళ్లు వైరు బోనుల్లోనే పెంచుతారు. దానికి కారణం లేకపోలేదు. పెంటికలు, మూత్రం కిందకి జారిపోతాయి, శుభ్రం చేయడం తేలిక, పేడ ద్వారా వచ్చే కాక్సిడియోసిస్ లాంటి జబ్బులు అదుపులో ఉంటాయి. వాళ్లని తప్పుపట్టడానికి నేను ఇది రాయట్లేదు.

కానీ మాంసం కుందేలు అక్కడ ఉండేది నెలల లెక్క. ఇంట్లో పిల్లలు పేరు పెట్టి పిలుచుకునే కుందేలు బాగా చూసుకుంటే 8 నుంచి 10 ఏళ్లు బతుకుతుంది. మూడు నెలలకి సరిపోయే నేల పదేళ్లకి సరిపోదు. యూనిట్ వీడియో చూసి పెంపుడు జంతువుకి బోను కొనడం, కోళ్ల ఫారం చూసి ఇల్లు కట్టుకోవడం లాంటిది.

గూడు ఎలా ఉండాలి

మొదట కొలత. కుందేలు పొడుగ్గా పడుకోవాలి, మూడు గెంతులు వేయాలి, చెవులు పైకప్పుకి తగలకుండా నిలబడాలి. రెండు కుందేళ్లకి 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు అనేది రాత్రి పడుకోవడానికి మాత్రమే సరిపోయే కనీసం. బ్రిటన్‌లో రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ వాళ్లు జతకి 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు జాగా ఎప్పుడూ అందుబాటులో ఉండాలంటారు. అంటే సుమారు 10 అడుగులకి ఆరున్నర అడుగులు. పల్లెల్లో మనకి అదేం పెద్ద జాగా కాదు, రెండు నులక మంచాలు వేసుకునేంత.

గూట్లో మూడో వంతు మూసిన చీకటి గది ఉండాలి. కుక్క మొరిగినా, టపాసు పేలినా కుందేలుకి దాక్కునే చోటు కావాలి. భయంతోనే ప్రాణం పోయే జంతువు ఇది. నాలుగు వైపులా జాలీ ఉన్న బోను మనకి చూడ్డానికి బాగుంటుంది, దానికి మాత్రం దాక్కునే మూల ఉండదు.

అడుగున చెక్క వేయండి, వెనక్కి కొంచెం వాలు ఉంచండి. పైన వరిగడ్డి మందంగా పరవండి. కుందేలు సాధారణంగా ఒకే మూల మూత్రం పోస్తుంది. ఆ మూలన ఊక పోసిన ట్రే పెడితే సగం పని తీరినట్టే. తడిసిన గడ్డి రోజూ తీసేయాలి. తడి, వాసన ఉంటే ఈగలు వెనక భాగంలో బొచ్చు మీద గుడ్లు పెడతాయి, పురుగు పడుతుంది. వానాకాలంలో రోజూ ఒకసారి తిరగేసి చూడండి.

కప్పు తాటాకుదే. రేకు వద్దు, సిమెంటు రేకూ వద్దు. కుందేలుకి మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడిని ఎక్కువగా చెవుల్లోంచే పోగొట్టుకుంటుంది. 30 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది, 35 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. మనకి మే నెలలో 40 మామూలే. పైగా సముద్రం పక్కన ఉక్క ఒకటి. తాటాకు రెండు మూడేళ్లకోసారి మార్చాలి, నిజమే. ఇంటి కప్పుకీ మార్చాం కదండీ ఒకప్పుడు.

దిక్కు చూసుకోండి. గూడు పొడుగు తూర్పు-పడమరలుగా ఉంటే పక్క గోడలకి ఎండ తక్కువ తగులుతుంది. పడమర మూసేయండి, వడగాలి అటు నుంచే. దక్షిణం వైపు జాలీ పెట్టండి, సాయంత్రం సముద్రపు గాలి అటు నుంచి వస్తుంది. ఉత్తరం, తూర్పు వైపులకి దించుకునే పట్టా ఉంచుకోండి, కార్తీకంలో వాయుగుండం వానలకి కావాలి.

తడి గోనె కడితే చల్లగా ఉంటుందంటారు. పడమటి గాలి పొడిగా కొడుతున్నప్పుడు నిజమే. కానీ సముద్రపు గాలి తిరిగి ఉక్క పోస్తున్నప్పుడు తడి గోనె ఇంకా ఉక్క పెంచుతుంది. అప్పుడు గాలి ఆడనివ్వడమే మందు. నీళ్ల సీసా గడ్డ కట్టించి, గుడ్డ చుట్టి లోపల పెడితే దానికి ఆనుకుని పడుకుంటాయి. తడిపిన కడప బండ ముక్క కూడా మంచిదే. ఎగరోజుతుంటే చల్లటి నీళ్లతో చెవులు తడపండి. ఐసు నీళ్లలో మాత్రం ముంచొద్దు.

రోహిణిలో మధ్యాహ్నం పూట అయితే గూడూ వద్దు, దొడ్డీ వద్దు. ఇంట్లోకో, గాలి ఆడే పశువుల పాకలోకో తెచ్చేయండి. ఆ పని చేసే మనిషి ఇంట్లో లేకపోతే ఆ వేసవికి కుందేలు కొనకండి.

జాలీ దగ్గర కక్కుర్తి వద్దు

కోళ్ల మెష్ కుందేలుని ఆపుతుందేమో గానీ కుక్కని ఆపదు. పళ్లతో పట్టి లాగితే ఊడొచ్చేస్తుంది. వెల్డ్ మెష్ వాడండి, కన్ను అర అంగుళం మించకూడదు. అంగుళం కన్నులోంచి చిన్న పాము దూరుతుంది. ముంగిస, పందికొక్కు కూడా సందు కోసం వెతుకుతూనే ఉంటాయి. తలుపు కింద సందు, గొళ్లెం దగ్గర సందు కూడా అర అంగుళం దాటకూడదు. గొళ్లేలు రెండు పెట్టండి.

బందరు, నాగాయలంక, కోడూరు వైపు వాళ్లకి ఒక మాట. ఉప్పుగాలికి చవక మెష్ తొందరగా తుప్పు పడుతుంది. వెల్డింగ్ అయిన తర్వాత జింకులో ముంచిన మెష్ అడిగి కొనండి. అయినా ఏటా వానలకి ముందు వేలితో నొక్కి చూడండి. ప్లాస్టిక్ పూత ఉన్నదైతే కుందేళ్లు ఆ పూతని కొరుకుతాయి. చేపల చెరువుల మీద కట్టే నైలాన్ వల పక్కలకి అసలు పనికిరాదు. కొరికేస్తాయి, లేదా అందులో కాళ్లు చిక్కుకుంటాయి.

మడ అడవుల దగ్గర ఉన్నవాళ్లకి బావురుపిల్లి సంగతి తెలుసు. అది చట్టం కాపాడుతున్న జంతువు, మన కృష్ణా మడ అడవుల సొత్తు. కుందేలు కోసం దానికి ఉచ్చు పెట్టడమో, మందు పెట్టడమో మన పద్ధతి కాదు. పామునీ అంతే. వాటి దారిలో అవి తిరుగుతాయి. గట్టి తలుపు పెట్టుకోవడం మన పని.

గూటి కాళ్లు మూడడుగులు ఉండాలి. కాళ్ల కింద నీళ్ల మూకుళ్లు పెడితే చీమలు ఎక్కవు. పిల్లలున్న గూటికి ఎర్రచీమలు పెద్ద ప్రమాదం. మూకుడు నీళ్లు రెండ్రోజులకోసారి మార్చండి, లేకపోతే దోమల్ని మనమే పెంచినట్టవుతుంది.

దొడ్డి ఎలా ఉండాలి

ఇంగ్లీషు వాళ్లు రన్ అంటారు, నేను దొడ్డి అంటున్నాను. మాది సరుగుడు బాదులతో చేసిన నాలుగు చట్రాలు, పైన ఒకటి. బోల్టులతో బిగించాం. అడుగు ఉండదు. మూడు నాలుగు రోజులకోసారి ఇద్దరం పట్టుకుని పక్కకి జరుపుతాం. అవి మేసిన చోట గరిక మళ్లీ చిగురేస్తుంది, పెంటికలు నేలకి అందుతాయి, ఒకే చోట జబ్బు పేరుకోదు.

అడుగు లేకపోతే తవ్వుకుని పోవా అంటారు. పోతాయి. అందుకే అంచుల చుట్టూ అడుగున్నర వెడల్పు మెష్ నేల మీద పరిచి, ఇటుకలు పెట్టాం. కుందేలు అంచు దగ్గరే తవ్వుతుంది, మెష్ తగిలితే మానుకుంటుంది. దివిసీమ తీరం వైపు ఇసుక నేలల్లో ఇది తప్పనిసరి, అక్కడ ఒక్క పూటలో సొరంగం తవ్వేస్తుంది. పైన కూడా జాలీ ఉండాలి, గద్దలు, కాకులు వస్తాయి. సగం కప్పుకి కొబ్బరాకు వేయండి. లోపల ఒక పాత కుండ పక్కకి పడుకోబెడితే దాక్కోవడానికి చాలు.

వానాకాలం రేగడి మీద పెట్టకండి. కాళ్లకి బురద పట్టి పుండ్లు పడతాయి. మెరక చూసి ఇటుకలు పరిచి, ఇసుక పోసి, పైన గడ్డి వేసి, దాని మీద దొడ్డి పెట్టండి. వేసవిలో పొద్దున ఎనిమిదిన్నర దాకా, సాయంత్రం ఐదు తర్వాత చాలు. కుందేలు సహజంగా హుషారుగా ఉండేదీ ఆ వేళల్లోనే. చీకటి పడకముందే గూట్లోకి ఎక్కించి, నిచ్చెన బల్ల తీసేసి, తలుపు వేయాలి. ఈ పని ఒక్కరోజు మర్చిపోయినా పాముకో కుక్కకో ఆ ఒక్కరోజు చాలు.

మందు కొట్టిన గట్టు గడ్డి

ఇది మనవాళ్లు తేలిగ్గా తీసుకునే విషయం. మన చేలో మందు లేదు, పక్క చేలో ఉంది. వరిలో కాండం తొలిచే పురుగుకి వేసే ఫిప్రోనిల్ కుందేళ్లకి చాలా ప్రమాదం. పక్క రైతు గుళికలు చల్లిన చేను గట్టు నుంచి గడ్డి కోసుకొచ్చి వేయకండి. దొడ్డిని సరిహద్దు గట్టు పక్కన పెట్టకండి.

మన సొంత కషాయాల దగ్గరా జాగ్రత్త అవసరం. దశపర్ణికి కోసిన ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు ఆకు కుందేలుకి అందితే విషమే. ఆ పని చేసే చోటుకి దూరంగా గూడు ఉండాలి. మేతకి గరిక, దశరథ గడ్డి, పిల్లిపెసర, అవిసె ఆకు, మల్బరీ ఆకు ఉన్నాయి. సుబాబుల్ ఎక్కువ వద్దు. మేతలో గడ్డిదే పెద్ద వాటా, మిగతావి కొద్దికొద్దిగా.

పెంటికలు మంచి ఎరువే. నేను ఆకుకూరల మళ్లలో వేస్తున్నాను, వర్మీ బెడ్‌లోనూ వేస్తున్నాను. కానీ రెండు కుందేళ్ల పేడ చూసుకుని ఆవుని అమ్ముకోవద్దు. ఎరువు కోసం కుందేలు తెచ్చుకోవద్దు కూడా.

వరద వస్తే, తుఫాను వస్తే

1977 నవంబరు 19 ఉప్పెన గురించి దివిసీమలో పుట్టినవాళ్లకి వేరే చెప్పాలా? మనుషులు పోయారు, గొడ్లు పోయాయి. కట్టేసిన జంతువు, బోనులో ఉన్న జంతువు తన ప్రాణం తాను కాపాడుకోలేదు. దాని తలుపు మన చేతిలో ఉంది కాబట్టి దాని ప్రాణమూ మన చేతిలోనే ఉన్నట్టు.

అంత పాత మాట ఎందుకనుకుంటే 2024 సెప్టెంబరు గుర్తు చేసుకోండి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకి వచ్చాయి. లంకలు మునిగాయి. ఇటు బుడమేరు నీళ్లు గుడివాడ పక్కన నందివాడ మండలం దాకా వచ్చి నిలిచాయి. అంతకు ముందు ఏడాది డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు ఈదురుగాలి ఎలా ఉందో చూశాం.

అందుకే గూడు పెట్టె వేరు, కాళ్ల బల్ల వేరు చేయించాను. మామూలు రోజుల్లో పెట్టెని బల్లకి తాడుతో, బల్లని నేలలో పాతిన గుంజలకి కడతాం. హెచ్చరిక రాగానే తాళ్లు విప్పి ఇద్దరం చెరో పక్కా పట్టుకుని మేడ మీదికి తీసుకుపోతాం. రెండు పక్కలా పట్టుకునే కర్రలు ఉన్నాయి. బజారు బోను కొనేటప్పుడు దీన్ని ఎవరూ చూడరు. "రాత్రి రెండింటికి, వానలో, కరెంటు లేకుండా, దీన్ని మేం ఇద్దరం ఎత్తగలమా?" అని ఒక్క ప్రశ్న వేసుకోండి. ఎత్తలేమంటే అది మన డెల్టాకి పనికొచ్చే గూడు కాదు.

కొనే ముందు

నాకు గూడు, దొడ్డి కలిపి బజారు బోనుకి మూడింతలు పైనే అయింది, అదీ సరుగుడు, తాటాకు మన ఊరివి కాబట్టి. అంత ఖర్చెందుకు, ఒక్క కుందేలుకి అన్నవాళ్లున్నారు. నేనొప్పుకోను. జంతువు ధర తక్కువైతే దాని బతుకు ధర తక్కువ కాదు. ముందు ఇల్లు, తర్వాత కుందేలు. మేం దాన్ని తిరగేశాం, అందుకే ఒకటి పోయింది.

ఆడ, మగ జత తీసుకుంటే ఇంకో సంగతి. ఈత 31 రోజులకి. ఈనిన రోజే మళ్లీ కట్టగలదు. ఏడాది తిరక్కుండానే గూడు చాలదు. రెండు మగవి కొట్టుకుంటాయి. కలిసి పెరిగిన రెండు ఆడవి మేలు, ఇప్పుడు మా దగ్గర ఉన్నవి అవే. ఆ పుండ్ల కాళ్లది గడ్డి పరుపు మీద మూడు నెలల్లో కోలుకుంది, దానికి తోడు ఒకదాన్ని తెచ్చాం. కుందేలు మేత మానేసిందంటే మర్నాటి దాకా ఆగొద్దు. పశువుల డాక్టరు గారికి చూపించండి. పెద్ద సమస్య అయితే మనకి దగ్గర్లో గన్నవరం వెటర్నరీ కాలేజీ ఉంది.

మా మనవరాలు ఈ వేసవికి మళ్లీ వచ్చింది. కుందేలుని చూడకముందే గూటి కింద వంగి, "తాతయ్యా, మధ్యాహ్నం నీడ ఇక్కడే ఉంటుందా?" అని అడిగింది. ఉంటుందని చెప్పాను. నమ్మలేదు. రెండింటిదాకా అక్కడే కూర్చుని చూసుకుని లేచింది.

మీరూ కొనే ముందు ఆ పని చేయండి. బోను బొమ్మ ఫోన్లో చూసి ఆర్డరు పెట్టకండి. మీ పెరట్లో ఎక్కడ పెడతారో అక్కడ ఒక రోజంతా కూర్చుని ఎండ ఎటు జరుగుతుందో, నీళ్లు ఎటు పారతాయో, కుక్కలు ఏ దారిన వస్తాయో చూడండి. ఆ తర్వాత వడ్రంగిని పిలవండి. ఇదంతా మన వల్ల కాదనిపిస్తే కొనకుండా ఉండటమూ మంచి నిర్ణయమే. అందులో చిన్నతనం ఏమీ లేదు.

గూడు కొలతలు, బోల్టులు బిగించే పద్ధతి వీడియోలో నెమ్మదిగా చూపించాను. మీ ఊళ్లో ఇంతకన్నా మంచి ఉపాయం ఎవరైనా చేసుంటే రాయండి, నేనూ నేర్చుకుంటాను.

సెలవు.